యుద్ధరంగము నుండి ఇంటి రేడియో వరకు: దృఢనిర్మిత వాల్వుల కథ

(ఉపన్యాస పాఠము)



విజయనగరము నుండి రాయపూరు వరకు రైలుమార్గము 1931 లో పూర్తియైనది. ఆ మార్గము పట్టుకొని ఉద్యోగరీత్యా ఈ నగరమునకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములకు రేడియో కేవలము వినోదసాధనముగా నుండలేదు. పుట్టిన ఊరి పలుకును చెవికి చేర్చు చుట్టముగా నుండెను. రాయపూరు ఆకాశవాణి కేంద్రము 1963 లో వెలసినది. అంతకు ముందే, 1948 డిసెంబరు 1వ తేదీన, విజయవాడ కేంద్రము ప్రారంభమైనది. పగటివేళ సమీపమునకే పరిమితమగు మీడియం వేవు తరంగములు, చీకటి పడిన పిదప ఆకాశపు పైపొరల నుండి మరలి వందలాది మైళ్లు ప్రయాణము చేయును. కావున రాత్రి భోజనములైన తరువాత ముల్లును మెల్లగా త్రిప్పి, గరగర ధ్వనుల నడుమ తెలుగు మాటను వెదకి పట్టుకొనుట దూరదేశపు తెలుగువారికి ఒక ముచ్చటగా నుండెడిది.

ఆనాటి పెట్టె వెనుక అట్టను విప్పి చూచినచో, నారింజరంగు మసక వెలుగుతో నాలుగైదు గాజుబుడ్లు కనబడును. అవియే వాల్వులు. శాస్త్రజ్ఞులు వానిని శూన్యనాళములనిరి. ఆ గాజుబుడ్ల తోబుట్టువులే యుద్ధవిమానములలోను, ఓడలలోను, ఫిరంగిగుండ్లలోను కూడ పనిచేసినవి. ఇంటిలోనిది సుకుమారముగా పెరిగినది; సైన్యములోనిది దెబ్బలకు ఓర్చుకొనునట్లు తీర్చిదిద్దబడినది.

నేడు ఆ రేడియోలలో పెక్కు అటకల మీద నున్నవి. కొన్ని పాతసామానులవానికి తూకమున పోయినవి. బాగుచేయింపదలచినవారికి అంగడిలో రెండు మాటలు వినబడును. “ఈ వాల్వులు ఇక దొరకవు” అనునది మొదటిది. “ఇది మిలిటరీ వాల్వు, దీనికి తిరుగులేదు, వెల కూడ అట్లే యుండును” అనునది రెండవది. మొదటి మాట పూర్తిగా నిజము కాదు. రెండవది సగమే నిజము. ఆ సగమేదో, తక్కిన సగమేదో తేల్చుటయే ఈ ప్రసంగమునకు లక్ష్యము.

వాల్వు సూత్రము సులభమైనది. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో కాగిన తంతువు నుండి వెలువడు ఎలక్ట్రానులు ఎదుటి లోహపుపలక వైపునకే పోవును గాని వెనుకకు రావు. 1904 లో ఇంగ్లండున జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగు ఈ ధర్మమును రేడియో సంకేతములను గ్రహించుటకు వినియోగించెను. 1906 లో అమెరికాలో లీ డి ఫారెస్టు ఆ రెంటి నడుమ గ్రిడ్డు అను మూడవ అంగమును చేర్చెను. రైతు కాలువ తూము పలకను జానెడు ఎత్తి దించి పొలమంతటి నీటిని అదుపు చేసినట్లు, గ్రిడ్డు మీది స్వల్పమైన వోల్టేజి మార్పు వాల్వులోని ప్రవాహమంతటిని అదుపు చేయును. చిన్న సంకేతము పెద్ద సంకేతముగా మారుటలోని రహస్యమిదియే.

సూత్రమెంత చక్కనిదో శరీరమంత సుకుమారమైనది. గ్రిడ్డునకును కాథోడునకును మధ్యనుండు ఎడము మిల్లీమీటరులో కొద్దిభాగము మాత్రమే. ఈ అంగములను నిలిపియుంచునవి అభ్రకపు బిళ్లలు. గూడూరు ప్రాంతపు గనుల మూలమున నెల్లూరు సీమవారికి అభ్రకము చిరపరిచితమే గదా! ఆ బిళ్లలోని రంధ్రము వెండ్రుకవాసి వదులైనను గ్రిడ్డు కంపించును. ఆ కంపనము స్పీకరులో శబ్దమై వినబడును. వాల్వును వ్రేలితో తట్టినపుడు స్పీకరులో గంట మ్రోగినట్లగుట ఈ దోషమునకు గురుతు. దీనిని మైక్రోఫోనిక్ దోషమందురు. ఇంతేగాక, స్విచ్చి వేసిన ప్రతిసారియు చల్లని హీటరులోనికి మామూలుకన్న అనేకరెట్లు విద్యుత్తు ఒక్కసారిగా దూకును. అట్లు దూకినపుడెల్ల తీగె కొంత అలసిపోవును. అతుకులు విడుట, గాజు సన్నగా పగులుట, లోనికి గాలి చేరుట తక్కిన వ్యాధులు.

ఇంటిలో ఈ వ్యాధులు పెద్ద కష్టము కలిగింపవు. ఒక చిన్న లెక్క చూడుడు. ఒక వాల్వు సగటున 5,000 గంటలు పనిచేయుననుకొన్నచో, ఐదు వాల్వుల రేడియోలో సుమారు 1,000 గంటలకు ఒక వాల్వు చెడును. దినమునకు మూడు గంటలు వినువారికి ఏడాదికి ఒకసారి అంగడికి పోవలసివచ్చును, అంతే. కాని అట్టి వాల్వులే 2,500 ఉన్న యంత్రములో రెండు గంటలకొకటి చెడును. అది ఆకాశముననున్న విమానములోనో, నడిసముద్రమున నున్న ఓడలోనో జరిగినచో గతియేమి? ఒక్కొక్క వాల్వు మంచిదే. వేలకొలది ఒకచోట చేరినపుడు మాత్రము వాని చిన్నలోపములు కూడి పెద్ద ఆపద యగుచున్నవి. దృఢనిర్మిత వాల్వుల అవసరము ఇక్కడనే పుట్టినది.

యుద్ధము తెలుగువారికి ఎక్కడనో జరిగిన కథ కాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు వేసెను. ఆనాడు నేల నుండి విమానమును కొట్టుట మిక్కిలి దుర్లభముగా నుండెను. గుండు సూటిగా తగులుట అరుదు. అది ఎన్ని క్షణములకు ప్రేలవలెనో ముందే లెక్కగట్టి ఫ్యూజును అమర్చవలసియుండెను. లెక్క రవ్వంత తప్పినను ప్రేలుడు వ్యర్థము. గుండులోనే చిన్న రేడియో ఉండి, విమానము దగ్గరకు వచ్చుట తానే కనిపెట్టి ప్రేలినచో ఎట్లుండును? బ్రిటిషు శాస్త్రజ్ఞుల ఈ ఆలోచన 1940 లో టిజార్డు బృందము ద్వారా అమెరికాకు చేరెను. అక్కడ మెర్ల్ ట్యూవ్ నాయకత్వమున ఒక శాస్త్రజ్ఞుల బృందము దీనిని సాధించుటకు పూనుకొనెను.

చిక్కంతయు వాల్వులోనే యుండెను. ఫిరంగి ప్రేలిన క్షణమున గుండులోని వస్తువుపై భూమ్యాకర్షణకు సుమారు 20,000 రెట్లు ఒత్తిడి పడును. ఒక గ్రాము బరువుగల అంగము ఆ క్షణమున 20 కిలోల బరువుగా మారునన్నమాట. శాస్త్రజ్ఞులు చెవిటివారి శ్రవణయంత్రములకై చేయబడిన చిన్న వాల్వులను తీసికొని, గుండ్లలో పెట్టి పేల్చి, పడినచోట త్రవ్వి తీసి, ఏ తీగె వంగినదో, ఏ అతుకు విడినదో పరిశీలించిరి. విరిగిన భాగమును సరిదిద్ది మరల పేల్చిరి, మరల త్రవ్విరి. 1943 జనవరి 5వ తేదీన పసిఫిక్ మహాసముద్రమున ‘హెలీనా’ అను అమెరికా యుద్ధనౌక ఈ ఫ్యూజుగల గుండ్లతో మొదటిసారిగా ఒక జపాను విమానమును కూల్చెను. యుద్ధము ముగియునాటికి తయారైన ఇట్టి ఫ్యూజులు రెండు కోట్లకు మించినవి. ఇందులో మాయామంత్రమేమియు లేదు. ఏది విరిగినదో దాచక చూచుట, దానిని సరిచేయుట, మరల పరీక్షించుట: ఈ మూడే అందులోని విద్య.

జర్మనులు మరియొక దారి త్రొక్కిరి. ‘ఆర్.వి.12 పి.2000’ అను ఒకే పెంటోడు వాల్వును అనేకవిధములైన సైనిక యంత్రములలో, అనేక స్థానములలో వాడిరి. యుద్ధరంగమున పదిరకముల వాల్వులు మోసికొనిపోవు బాధ తప్పినది. యుద్ధానంతరము ఆ దేశ ప్రజలు మిగిలిన ఆ వాల్వులతోనే ఇంటి రేడియోలను నిర్మించుకొనిరి.

యుద్ధము ముగిసినను ఆవశ్యకత ముగియలేదు. 1937 లో ఒక అమెరికా డిస్ట్రాయరు నౌకపై 60 వాల్వులుండగా, 1952 నాటికి వాని సంఖ్య 3,200 కు పెరిగినదని చెప్పుదురు. పౌరవిమాన సంస్థలు కూడ విఫలమైన వాల్వులను పారవేయక, సేకరించి, కారణములను విచారింపజేసెను. అట్టి కృషి ఫలితముగా 5654 వంటి వాల్వులు వెలువడెను. ఇది 6ఎకె5 అను పాత వాల్వునకు దృఢరూపము. 1948 లో ఆర్.సి.ఎ. కంపెనీ ఎఱ్ఱని అడుగుభాగముగల 5691, 5692, 5693 అను వాల్వులను వెలువరించి, 10,000 గంటల ఆయువును లక్ష్యముగా ప్రకటించెను. ఐరోపాలో ఫిలిప్స్ కంపెనీ ఇ88సిసి వంటి ప్రత్యేక వాల్వులకు అదే ఆయువును చెప్పెను.

వీనిలో క్రొత్తదేమి? పైకి చూచినచో ఏమియు లేదు. ఒక అభ్రకపు బిళ్లకు బదులు రెండు. సన్నని ఊతకడ్డీకి బదులు లావైనది. పొడుగు అంగములకు బదులు పొట్టివి. ఒక అతుకు ఉన్నచోట రెండు అతుకులు. అసలు భేదము పరీక్షలో నున్నది. సంతలో కుండను కొను గృహిణి దానిని వ్రేలితో కొట్టి, కంగున మ్రోగినదా లేదా యని వినిగాని డబ్బీయదు. సైన్యము కూడ అదే చేసినది. అయితే మరికొంత కఠినముగా చేసినది. నమూనాగా తీసిన వాల్వులను సుత్తియంత్రముతో కొట్టుట, గంటలకొలది కంపింపజేయుట, హీటరును 2,000 సారులు వెలిగించి ఆర్పుట, గాజును మరుగునీట ముంచి వెంటనే మంచునీట ముంచుట మొదలైనవి ఆ పరీక్షలు. పెక్కు రకములు భూమ్యాకర్షణకు 450 రెట్లు దెబ్బకు ఓర్చుకొనవలెనని పట్టికలలో వ్రాయబడినది. నమూనా తప్పినచో ఆ వాల్వుల రాశియంతయు నిరాకరింపబడెడిది.

కొన్ని వ్యాధులు పరీక్షలకు కూడ వెంటనే లొంగలేదు. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు నిర్మించిన ‘వర్ల్‌విండ్’ అను గణనయంత్రములో వాల్వులు, హీటరు వెలుగుచున్నను, ఎక్కువకాలము ప్రవాహము లేక ఊరకయున్నచో బలహీనపడుచుండెను. పనిచేసి అలసినవి గాక పని లేక చెడినవన్నమాట! విచారింపగా, కాథోడు నికెల్ గొట్టములో స్వల్పముగా కలిసియున్న సిలికాను దోషకారణమని తేలినది. నికెల్‌ను శుద్ధిచేసిన పిదప వాల్వుల ఆయువు ఎన్నోరెట్లు పెరిగినది. ఆ యంత్రమును నడిపినవారు మరియొక మంచి పద్ధతిని కూడ నెలకొల్పిరి. వోల్టేజిని కావలెనని కొంచెము మార్చి, బలహీనమైన వాల్వులు పనివేళ చెడకముందే వానిని గుర్తించి తీసివేయుచుండిరి.

ఈ జాగ్రత్త ఎంత ఫలమిచ్చునో సముద్రము క్రింద రుజువైనది. 1956 సెప్టెంబరు 25వ తేదీన అట్లాంటిక్ మహాసముద్రము అడుగున మొదటి టెలిఫోను కేబులు ప్రారంభమైనది. దాని రిపీటరులలో 306 వాల్వులుండెను. చెడినచో మార్చుటకు ఎవ్వరును దిగలేని లోతది. 1978 లో ఆ కేబులును విరమింపజేయువరకు, 22 సంవత్సరములలో, ఆ వాల్వులలో ఒక్కటియు విఫలము కాలేదు. అవి సైనిక వాల్వులు కావు; కాని వానిని తీర్చిన శ్రద్ధ ఒక్కటియే.

ఇక భారతదేశపు సంగతి. యుద్ధానంతరము సైన్యము మిగిల్చిన రేడియో సామగ్రి ‘డిస్పోజల్సు’ పేర అమ్ముడుపోయినది. సైనిక ట్రాన్స్‌మిటరులలో విరివిగా పనిచేసిన 807 వాల్వు ఇక్కడ సభలకును ఉత్సవములకును పెట్టు మైకు సెట్టులలో చేరి, యుద్ధభాషను మరచి హరికథలు చెప్పినది. తెలుగు పాటలతో ఎందరినో అలరించిన రేడియో సిలోను కూడ, యుద్ధకాలమున మిత్రరాజ్యముల సైనికులకై నెలకొల్పిన ప్రసారకేంద్రమునకు వారసురాలే. 1954 లో బెంగుళూరున భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఏర్పడినది. 1961 నుండి అక్కడ రేడియో వాల్వుల తయారీ మొదలైనది. 1960 లో బొంబాయి టాటా పరిశోధనసంస్థలో పనిలోనికి వచ్చిన ‘టిఫ్రాక్’ గణనయంత్రములో సుమారు 2,700 వాల్వులుండెను. ఇందాకటి లెక్కను దానికి అన్వయించి చూచినచో, దానిని నడిపినవారి ఓర్పు ఎంతటిదో అర్థమగును.

ఇప్పుడు అంగడివాని రెండవ మాటకు వత్తము. మిలిటరీ వాల్వునకు తిరుగులేదా? మొదట గురుతులను చదువుట నేర్వవలెను. అమెరికా వాల్వులపై ‘జాన్’ అను ముద్ర సైన్య, నౌకాదళముల ఉమ్మడి ప్రమాణమునకు సరిపోయినదని మాత్రమే చెప్పును. ఆ ముద్ర ఉన్నదెల్ల దృఢనిర్మితము కాదు. పేరు చివర ‘డబ్ల్యు’ అక్షరమున్నచో అది దృఢరూపమని గ్రహింపవలెను. బ్రిటిషువారి ‘సి.వి.’ సంఖ్యలలో 4000 వరుసలోనివి ప్రత్యేక శ్రేణివి, ఉదాహరణమునకు సి.వి. 4004 అనునది 12ఎఎక్స్7 నకు ప్రతిరూపము. రష్యా వాల్వులపై ‘యె’ అక్షరము దీర్ఘాయువును, ‘వె’ అక్షరము యాంత్రికదార్ఢ్యమును సూచించును.

ఇట్టి వాల్వు ఎక్కడ ఉపయోగించును? స్పీకరు దగ్గరగా నున్న పెట్టెలో, గ్రామఫోను పిన్ను నుండి వచ్చు అతిస్వల్ప సంకేతమును పెంచు మొదటి స్థానములో, గిటారు ఆంప్లిఫయరులో, పాత ఆసిలోస్కోపులలో, నిరంతరము వెలుగుచుండు పరీక్షాయంత్రములలో దీని గుణము స్పష్టముగా తెలియును. కంపనముచే కలుగు రొద తగ్గును. మార్చవలసిన అవసరము అరుదగును. రేడియోలో 6బిఎ6 నకు 5749, 6ఎక్యు5 నకు 6005, 6ఎఎల్5 నకు 5726 సహజమైన ప్రత్యామ్నాయములు. “ఈ వాల్వులు ఇక దొరకవు” అను మొదటి మాటకు సమాధానము కూడ ఇందులోనే కలదు. రేడియోపై వ్రాసియున్న పేరుతో దొరకనిది, సైనికసంఖ్యతో దొరకవచ్చును.

కాని దృఢరూపమన్నంత మాత్రమున అన్నివిధముల సమానము కాదు. 12ఎఎక్స్7 నకు దృఢరూపముగా చెప్పబడు 5751 వాల్వు పెంపుశక్తి 100 గాక 70 మాత్రమే. స్వరము కొంత తగ్గును. 12ఎయు7 నకు బదులుగా వాడు 5814 వాల్వు హీటరు, 6.3 వోల్టుల వద్ద 0.30 ఆంపియరునకు బదులు 0.35 ఆంపియరు కోరును. హీటరులన్నియు ఒకే వరుసలో కలిపిన ఎ.సి.-డి.సి. రేడియోలలో ఇట్టి భేదము వరుసలోని పంపకమునంతను తారుమారు చేయును. మరి మిలిటరీ ముద్ర వలన పాట మధురమగునా? ఆ పరీక్షలలో సుత్తి కలదు, మంచునీరు కలదు. సంగీతపరీక్ష మాత్రము లేదు. వెల యెక్కువైనకొలది ముద్రలను అనుకరించువారు కూడ పెరుగుదురు. కావున ముద్రను గాక, వాల్వు పరీక్షాయంత్రము చూపిన ఫలితమును నమ్ముట మేలు.

రాయపూరు వంటి ఎండలు మెండైన ఊరిలో మరియొక సత్యమును గుర్తుంచుకొనవలెను. పాత రేడియో పలుకకున్నచో మొదటి దోషి వాల్వు కాకపోవచ్చును. వేసవివేడికి వాల్వు చలింపదు. దాని కాథోడు సహజముగానే ఎఱ్ఱగా కాగియుండును గదా! చెడునవి మైనపు కాగితపు కండెన్సరులు, ఎలక్ట్రోలిటిక్ కండెన్సరులు, రబ్బరు తొడుగు తీగెలు. ఏండ్ల తరబడి మూలనున్న రేడియోను ఒక్కసారిగా కరెంటులో పెట్టినచో, మంచివాల్వు కూడ చెడిన కండెన్సరు పాపమునకు బలియగును. మొదట కండెన్సరులను మార్చి, పిదప వాల్వును చూడవలెను. హీటరు వోల్టేజి చెప్పిన కొలతకు నూటికి 5 వంతులలోపుగా నిలుపుట ఆయువునకు మంచిది. రేడియోలోపల 250 వోల్టులు సామాన్యము. స్విచ్చి ఆర్పిన పిదప కూడ కండెన్సరులలో అది కొంతసేపు నిలిచియుండును. పిల్లలను దూరముగా నుంచవలెను. కొన్ని సైనిక వాయునాళములలో స్వల్పముగా రేడియోధార్మిక పదార్థము ఉండును, అట్టివానిని పగులగొట్టరాదు.

1947 లో ట్రాన్సిస్టరు పుట్టుటతో వాల్వు రాజ్యము క్రమముగా కరగిపోయినది. అయినను పూర్తిగా పోలేదు. 1976 సెప్టెంబరు 6వ తేదీన ఒక సోవియెట్ వైమానికుడు మిగ్-25 విమానమును జపానులోని హకొదాతెలో దింపినపుడు, దాని యంత్రములలో వాల్వులను చూచి కొందరు నవ్విరి. తీవ్రమైన వేడికిని, విద్యుదాఘాతములకును ఓర్చుకొను శక్తి వానికి కలదని విజ్ఞులు గ్రహించిరి. తెలుగునాట కూడ ఆ వంశము నిలిచియున్నది. 1926 లో మచిలీపట్టణమున పుట్టిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983 లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ స్వీకరించెను. ఆ కర్మాగారము సైన్యమునకు రాత్రిదృష్టి సాధనములను తయారుచేయుచున్నది. చీకటిలో లేశమాత్రపు వెలుగును పెంచి చూపు ఆ సాధనముల హృదయము కూడ ఒక శూన్యనాళమే.

సభాసదులారా! దృఢనిర్మిత వాల్వు చెప్పునది ఒక్కటే మాట. బలము పేరులో లేదు, ముద్రలో లేదు. తప్పిన ప్రతి వస్తువును విడిచిపెట్టక కారణమడిగిన శ్రద్ధలో కలదు. ఆ మాట కార్యాలయపు ఫైలునకును, రైలుపట్టా మరకును, తంతివార్తకును సమానముగా వర్తించును. ఇళ్ల అటకలపై నున్న రేడియోలను తూకమునకు వేయుటకు ముందు, తెలిసినవారి చేత ఒక్కసారి చూపింపవలెను. పెద్దలు ఏ పెట్టె ముందు కూర్చుండి పుట్టిన ఊరి పలుకును వినిరో, దానిని పిల్లలు మరల పలికింపగలిగినచో, రాయపూరు తెలుగు ఇంటికి అంతకన్న చక్కని జ్ఞాపిక మరియొకటి యుండదు.

స్వస్తి.